మా బాపును బాపు అన్న రక్తమక్క

ఆమె చనిపోయిన కబురు మా ఇంటికి కూరగాయల బండితో పాటు వచ్చింది. పక్కింటి పెద్దమ్మ బండి దగ్గర నిలబడి, బెండకాయల కొసలు విరిచి చూస్తూ, వాళ్ల ఊరు మోస్రాలో రక్తమక్క పోయిందట, డెంగీ జ్వరమట అని మా అవ్వకు చెప్పింది. అవ్వ అంటే మా అమ్మ, బాపు అంటే నాన్న. అవ్వ చేతిలోని టమాటలు చేతిలోనే ఉండిపోయాయి. పెద్దమ్మ మాత్రం ఆగలేదు.

"అంతగనం ఓట్స్ తిన్నది, గల్లీ గల్లీకి తినిపిచ్చింది. ఏం ఫాయిద అయ్యింది?"

దోమ కుట్టినదానికీ ఓట్స్‌కూ సంబంధమేమిటని నేను అడగొచ్చు. అడగలేదు. నేను ఎవరినీ ఏమీ అడగను. బాపుకు ఎట్లా చెప్పాలా అని వెనక్కి తిరిగాను. బాపు అప్పటికే విన్నాడు. ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని గిన్నెలో ఓట్స్ తింటున్నవాడు, చెంచా గిన్నెలో వదిలి, గిన్నె మెట్టు మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పొద్దుటి నుంచి చాలా రోజులు ఆయన ఓట్స్ ముట్టలేదు. నా డైరీలో ఆమె కనిపించే పేజీలన్నీ కోపంతో గీకినట్టు ఉన్నాయి. ఒకసారి నెమ్మదిగా, కూర్చుని, ఆమె ఎట్లా ఉండేదో రాసి చూద్దామనుకున్నాను.

ఆమెకు మంచి పేరే ఉంది. రాయను. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా గల్లీలో ఆ పేరుతో పిలిచినవాళ్లే లేరు. ఒక ల్యాబ్ తరఫున ఇంటింటికీ వచ్చి రక్తం తీసుకుపోయేది కాబట్టి రక్తమక్క. ఆమె స్కూటీ చప్పుడు వినగానే చిన్నపిల్లలు మంచాల కింద దూరేవాళ్లు. "మీ రక్తం నాకొద్దుర, సప్పగుంటది" అని ఆమె బయటి నుంచే వాళ్లకు అభయమిచ్చేది. స్కూటీ ముందు నీలం రంగు ఐస్ డబ్బా, సీటు కింద బైబిల్. ఆదివారం చర్చికి పోయే ముందు వస్తే తెల్ల చీర కట్టుకుని వచ్చేది. ఆ తెల్ల చీర మీద ఎన్నడూ ఒక్క చుక్క పడలేదు. పడుతుందేమోనని నేను తలుపు చాటు నుంచి ఆశగా చూసిన ఆదివారాలు ఉన్నాయి.

ముప్పై అయిదు దాటి ఉంటాయి. బలమైన చేతులు, చిన్న అరచేతులు. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. నేల మీద గోడకు ఆనుకుని, కాళ్లు బారజాపి, సొంత ఇంట్లో కూర్చున్నట్టు కూర్చునేది. చేతి గడియారం తీసి పర్సులో వేసుకున్న తర్వాతే మనిషి చెయ్యి పట్టుకునేది. మోచేతి మడతలో రెండు వేళ్లతో తట్టి, నరంతో మాట్లాడేది. "రావే, మనోళ్లే, సిగ్గెందుకు" అని. నరం పైకి తేలగానే మనిషిని ఏదో అడిగేది. అతను జవాబు ఆలోచించేలోపు సూది లోపలికి పోయి, బయటికి వచ్చి, దూది కూడా అంటుకునేది. ఏ మాటకైనా ఆమె జవాబు "చూద్దాం తియ్". ఒప్పుకున్నా అదే, ఒప్పుకోకపోయినా అదే. జోకు వేయబోయే ముందే నవ్వేసేది. ఆ నవ్వు చూసి ఎదుటివాళ్లు కూడా ముందే నవ్వేవాళ్లు. జోకు బాగుందా లేదా అని చూసే అవకాశమే ఎవరికీ ఉండేది కాదు.

నేను ఒక మాట అనే ముందు దాన్ని లోపల మూడు రకాలుగా కూర్చుకుని, నాలుగోసారి అనవసరమని వదిలేస్తాను. అట్లాంటి నాకు ఆమెను చూస్తే ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి మా బాపు.

బాపుది బోధన్ దగ్గర ఊరు. చెరకు రైతు. చక్కెర ఫ్యాక్టరీ బందయ్యాక కొన్నేళ్లు వరి వేసి, ఆ తర్వాత పొలం కౌలుకిచ్చి నిజామాబాద్ వచ్చేశాం. ఇక్కడ బాపు ఒక విత్తనాల దుకాణంలో కూర్చుంటాడు, అవ్వ చీరలకు ఫాల్ కుడుతుంది. బాపుకు షుగర్ వచ్చి చాలా రోజులైంది. బాపు మాట్లాడడు. కోపం వల్ల కాదు, బాధ వల్ల కాదు. ఆయన తీరే అది. నాదీ అదే తీరు. పొద్దున్నే మేమిద్దరం మెట్టు మీద కూర్చుంటాం. ఆయన పేపర్ చదువుతాడు, నేను పుస్తకం చదువుతాను. ఎండ మోకాళ్ల దాకా వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి లేస్తాం. రెండు రాళ్లు పక్కపక్కన పెట్టినట్టున్నరు అని అవ్వ విసుక్కునేది. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకునేదాన్ని. మిగతా వాళ్లకు బాపు నుంచి మాటలు దొరకవు, నాకు ఆ మాటలు అక్కర్లేదు, అంత దగ్గర నేను. నాకు అందం గురించి, చదువు గురించి, రేపటి గురించి వంద అనుమానాలున్నాయి. ఈ ఒక్కదాని గురించి లేదు.

రక్తమక్క మా ఇంటికి వచ్చిన మొదటి రోజు దాకా లేదు.

ఆమె వచ్చి, నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, "ఏం బాపూ, రాత్రి ఏం తిన్నవ్?" అంది. కాకా అనొచ్చు. పెద్దమనిషీ అనొచ్చు. ఊరంతా అంకుల్ అంటోంది, అదైనా అనొచ్చు. బాపు అన్న మాట మా ఇంట్లో నాది. అవ్వకు నేనొక్కదాన్నే, ఆ మాటకు ఇంకో వాటాదారు లేరు. నేను వంటింట్లో స్టవ్ ముందు నిలబడి, ఇప్పుడు ఆయన తలాడించి ఊరుకుంటాడని చూస్తున్నాను. బాపు మాట్లాడాడు. జొన్న గట్క తిన్న అన్నాడు. సల్ల పోసుకున్న అన్నాడు. మామిడికాయ తొక్కు నంజుకున్న అన్నాడు. గట్క అంటే జొన్న రవ్వను గట్టిగా ఉడికించేది, మా వైపు అదే అన్నం; సల్ల అంటే మజ్జిగ. ఎంత తిన్నవు అని ఆమె అడిగింది. ఆయన రెండు చేతులతో గిన్నె ఎంతో చూపించబోయి, సూది ఉన్న చెయ్యి కదలకూడదని గుర్తొచ్చి, ఒక్క చేత్తో సగం గిన్నె చూపించాడు. మిగతా సగం నువ్వే అనుకో అన్నాడు. మా బాపు జోకు వేశాడు. ఆ గొంతు ఎవరిదో అనుకుని నేను వంటింటి గడప దాకా వచ్చి చూశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇంటికి ఓట్స్ ముందుగా తెచ్చింది నేను. ఈ సంగతి మా గల్లీలో ఎవరికీ తెలియదు. గ్రంథాలయంలో ఆరోగ్యం పుస్తకాల అల్మారా ముందు నిలబడి చదివాను, ఫోన్‌లో చదివాను. సూపర్ మార్కెట్‌కు వెళ్లి, బొమ్మ మీద పొగలు కక్కుతున్న మసాలా ఓట్స్ ప్యాకెట్లు తెచ్చి, వేడి నీళ్లు పోసి బాపు ముందు పెట్టాను. ఆయన ఒక చెంచా తిని, చెంచాను గిన్నె అంచుకు ఆనించి పెట్టాడు. మా ఇద్దరి భాషలో అది వద్దని. తర్వాత పాలలో వేస్తే వెంటనే కరిగిపోయే రకం తెచ్చాను. అది రెండు చెంచాలు తిని, జిగట అన్నాడు. ఆయన నాతో ఆ వారంలో అన్న మాటల్లో అదొకటి. గిన్నెల్లో మిగిలిందంతా నేనే తిన్నాను, మిగతా ప్యాకెట్లు పై అల్మారాలో వెనక్కి తోసేశాను.

రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు రక్తమక్క మంచినీళ్ల కోసమని వంటింట్లోకి వచ్చింది. మా గల్లీలో ఆమె చూడని వంటిల్లు లేదు. కళ్లు పైకెత్తి ఆ ప్యాకెట్ చూసింది, దించింది, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "గిది ఓట్స్ కాదు చెల్లె. ఉప్పుల పొరపాటున ఇంత ఓట్స్ పడ్డది" అంది. ఎవరు కొన్నరు అని అడిగింది. నేను అల్మారా తలుపు మూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాతి ఆదివారం ఆమె ఐస్ డబ్బాతో పాటు రెండు ప్లాస్టిక్ కవర్లు పట్టుకొచ్చింది. వాళ్లమ్మకూ షుగరే, ఆమె కోసం తెచ్చే సరుకులోంచి కొంచెం తెచ్చానంది. మూడు స్టీలు ప్లేట్లు అడిగింది. ఒక ప్లేట్లో ఒక కవర్, ఇంకో ప్లేట్లో ఇంకో కవర్, మూడో దాంట్లో నేను తెచ్చిన పాలలో కరిగే రకం, పిడికెడు పిడికెడు పోసి బాపు ముందు వరసగా పెట్టింది.

"చూడు బాపూ. గిది నూక. గిది అటుకులు. గిది పిండి. ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలే, పెంపకంల తేడా. పెద్దదాన్ని కత్తితోని ముక్కలు కోసి ఇడిసిపెట్టిండ్రు. నడిపిదాన్ని ఆవిరి పట్టిచ్చి రోలర్ కింద ఒత్తిండ్రు. చిన్నదాన్ని మిషినే నమిలి నీ నోట్లె పెడుతున్నది. ఇగ నీ కడుపుకేం పని? పని లేకుంటె మింగంగనే రక్తంలకు ఉరుకుతది."

బాపు ముందుకు వంగి, నూక ప్లేట్లోంచి ఒక్క గింజ తీసి పంటి కింద పెట్టుకున్నాడు. కొరికాడు. చాలాసేపు నమిలాడు.

"నూకనే" అన్నాడు. "పలుకున్నది."

ఆమె చెప్పినదాంట్లో నాకు కొత్తది ఒక్కటీ లేదు. ఆ మూడింటికి ఇంగ్లీషులో ఉన్న పేర్లు కూడా నాకు తెలుసు. ముక్కలుగా కోసింది నెమ్మదిగా అరుగుతుంది, ఒత్తింది దానికంటే కొంచెం తొందరగా, పొడిగా అయిపోయింది అన్నిటికంటే తొందరగా, రుచులు కలిపిన ప్యాకెట్లలో ఉప్పూ చక్కెరా దాక్కుని ఉంటాయి. ఇదంతా నా బుర్రలో పేజీ నంబరుతో సహా ఉంది. కానీ నూక, అటుకులు, పిండి అన్న మూడు మాటలు నాకు రాలేదు. మా వంటింట్లో మూడు డబ్బాల్లో ఉన్న మాటలే. రోజూ మూత తీసే చేతులు నావే. అయినా ఆమె నోటి నుంచే వచ్చాయి. ఆ రాత్రి డైరీలో ఆ మూడు మాటలు రాసి, కింద ఇంకేమీ రాయలేకపోయాను.

ఆమెకు అన్నీ తెలుసని నేను అనను. ఆమె చెప్పినవాటిలో సగం గాలి కబుర్లే. ఓట్స్ తిన్నాక వేడి నీళ్లు తాగితే కొవ్వు కరిగి కారిపోతుందని పెద్దమ్మకు చెప్పింది. ఓట్స్ మంచు కింద పండుతాయని ఇంకెవరికో చెప్పింది. అవి తప్పని నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆమె చెప్పిన సరైన మాటల్లో కొన్ని నావి. ఆమెకు ఇంగ్లీషు చదవడం నెమ్మది. వంటింట్లోకి వచ్చి, చెల్లె, గీ డబ్బా వెనక సన్నక్షరాలు ఏం చెప్తున్నయో చదువు అనేది. నేను చదివి, అర్థం చెప్పేదాన్ని. నాలుగు రోజులకు పెద్దమ్మ మా అవ్వను గేటు దగ్గర ఆపి, డబ్బా మీద ముందు రాసింది చూడొద్దంట, వెనక రాసింది చూడాల్నంట, రక్తమక్క చెప్పింది అనేది. నా వాక్యం గల్లీ అంతా తిరిగి ఆమె పేరుతో మా గేటు దగ్గరికి వచ్చేది.

అట్లా ఒకసారి డబ్బా చదివి ఇచ్చేసి నేను గిన్నెలు కడగడానికి తిరిగితే, ఆమె పోకుండా నిలబడింది. నీ నోట్ల మాటలన్నీ పుస్తకాలే తింటయా చెల్లె అని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

"మీ బాపుతోని మాట్లాడనీకి టికెట్ ఏమన్న ఉన్నదా? ఉంటె చెప్పు, కొనుక్కుంట."

నేను కుళాయి ఇంకొంచెం తిప్పాను. ఆమె కొంచెంసేపు చూసి, నా భుజం మీద ఒకసారి తట్టి, చూద్దాం తియ్ అని వెళ్లిపోయింది. నరాన్ని తట్టినట్టే, రెండు వేళ్లతో.

మూడు రకాల్లో బాపు ఒంటికి ఏది పడుతుందో కొలిచి చూద్దామన్నది ఆమె ఆలోచన. వారానికో రకం. రోజూ పొద్దున అదే, చాయ్ గిలాసతో కొలిచి వండాలి. ఆదివారం ఆయన తిన్న రెండు గంటలకు చర్చి ముగించుకుని వచ్చి ఆమె వేలు గుచ్చి మీటర్‌తో షుగర్ చూస్తుంది. వండేది నేను. పిండిని పాలల్లో కలిపి ఇచ్చాను. అటుకుల్లాంటివాటిని ఉల్లిగడ్డ, క్యారెట్, పల్లీలు వేసి అటుకుల ఉప్మాలాగే పోపు పెట్టాను. నూకను రాత్రే నానబెట్టి, పొద్దున సన్న మంట మీద గట్కలాగా ఉడికించి, ఉప్పేసి, సల్లతో ఇచ్చాను. మాడకుండా అది ఉడికేదాకా స్టవ్ దగ్గర నుంచి కదలకూడదు. నేను కదల్లేదు. బాపు ఆదివారాలు గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు.

పిండి వారం మీటర్ బాగా పైకి పోయింది. అందరం అనుకున్నదే. అటుకుల వారం దిగింది. నూక వారం ఇంకా దిగాలి. ఆమె గల్లీ అంతా చెప్పుకుని ఉంది కూడా. వేలు గుచ్చి, మీటర్ చూసి, ఊపి, మళ్లీ చూసింది. పిండి కంటే ఎక్కువుంది.

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోవడం నేను చూసిన మొదటిసారి అది. నాకు సంతోషమైంది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు. ఆమె నన్ను, గిలాస నిండుగ పోసినవా, బియ్యం నూక ఏమన్న కలిసిందా అని అడిగింది. కొలిచే పోశానని తలూపాను. బాపు గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ఆమె ఆయన్ని చూసి, నన్ను చూసి, చెల్లె, మంచినీళ్లు తెస్తవా అంది. నేను బిందెలో చెంబు ముంచుతుండగా బాపు గొంతు తగ్గించి ఏదో చెబుతున్నాడు. ఆ తర్వాత నవ్వు. ఆమెది కాదు, ఇద్దరిదీ.

చెంబు పట్టుకుని వచ్చేసరికి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. బాపు నోరు తెరిచి నవ్వుతున్నాడు. పై వరసలో ఆయన పక్కపన్ను ఒకటి లేదు. ఆ పన్ను ఎప్పుడు ఊడిపోయిందో నాకు తెలియదు. ఊడిపోయిందనే ఆ రోజు తెలిసింది.

సంగతి బెల్లం. ఊరి నుంచి మా చిన్నాయిన పంపిన బెల్లం ముద్ద ఒకటి బాపు దుకాణానికి తీసుకుపోయే సంచిలో, తువ్వాల కింద ఉంది. నూక ఓట్స్ గట్కలాగే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి గట్కలో బెల్లం నలుపుకున్న చెయ్యి, నేను సల్ల తేవడానికి లోపలికి పోగానే దానంతటదే సంచిలోకి పోయింది. వారమంతా పోయింది. ఆయన దాన్ని తప్పు అనుకోలేదు. మా బోధన్ దిక్కు పెద్దవాళ్లెవరూ అనుకోరు.

"చక్కెర ఫ్యాక్టరీల అయితది. దాంతోని షుగర్ వస్తదంటె ఒప్పుకుంట" అన్నాడు బాపు. "బెల్లం మన పొలంల అయితది. మన పొలంల అయినదాంతోని ఎట్ల వస్తది?"

"పొలం నీదే, రక్తం గూడ నీదే బాపూ. మీటర్ మాత్రం నాది. దానికి పొలాలు ఎర్క లేవు" అంది రక్తమక్క.

ఆయన లేచి, సంచి తెచ్చి, బెల్లం ముద్ద ఆమె చేతిలో పెట్టాడు. నాకు కాదు, ఆమెకు. వారం రోజులుగా గిన్నె అడుగున జిగురు తోముతున్నది నేను. ఓట్స్ జిగురనుకుని తోమాను. ఆయన నా దగ్గర దాచాడు, ఆమెకు చెప్పాడు. దాచిందానికంటే చెప్పిందే నన్ను ఎక్కువ కోసింది.

బెల్లం లేకుండా మళ్లీ ఒక వారం చూస్తే నూకే అన్నిటికంటే తక్కువలో ఉంది. అప్పటి నుంచి బాపు పొద్దుటి తిండి అదే. ఆమె నెలకోసారి ప్యాకెట్ తెచ్చిచ్చేది. వచ్చిన ప్రతిసారీ వాళ్లిద్దరూ చెరకు కాలం సంగతులు మాట్లాడుకునేవాళ్లు. నాకు వంటింట్లోకి ముక్కలు ముక్కలుగా వినిపించేది. బండి, గేటు, లైను, ఎవరో సూపర్‌వైజరు. నేను కావాలనే కుక్కర్ పెట్టేదాన్ని. విజిల్ వచ్చినంతసేపైనా వినిపించకుండా పోతుందని.

ఆమె పోయాక మోస్రాకు బస్సులో పోయాం, బాపూ నేనూ. చర్చి వెనక పొలాల పక్కన పూడ్చారు. పాటలు పాడుతున్నారు. బాపు దూరంగా చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తల్లి, మీరెవరన్నా, మాకేమైతరు అని బాపును మెల్లగా అడిగింది. "నా చెయ్యి పట్టుకునేది" అన్నాడు బాపు. తల్లి తలాడించింది, ఆ మాట ఆమెకు సరిపోయినట్టే. బాపు ఏడ్చాడు. సొంత అన్న పోయినప్పుడు కూడా నేను చూడని ఏడుపు అది. నేను పక్కనే ఉండి ఏం చేశాను? రేపు నేను పోతే ఇట్లా ఏడుస్తాడా అని లెక్క చూసుకున్నాను.

తర్వాత అంతా నేను కోరుకున్నట్టే అయింది. ల్యాబ్ నుంచి కొత్తామె వచ్చింది. మాట్లాడకుండా రక్తం తీసుకుని, మాట్లాడకుండా పోయింది. మెట్టు మీద మళ్లీ మేమిద్దరమే. పేపర్, పుస్తకం, ఎండ. నేను రోజూ రాత్రి నూక నానబెట్టి పొద్దున ఉడికించి ఆయన పక్కన పెట్టేదాన్ని. చల్లారేది. తెల్లగా పొర కట్టేది. ఆయన చక్కెర వేసిన చాయ్ తాగి, దుకాణం పక్క హోటల్లో పూరీ తినేవాడు. కొత్తామె తెచ్చిన కాగితం చూసి డాక్టర్, ఇట్లాగే పోతే సూది మందు రాయాల్సి వస్తుందన్నాడు. అవ్వ అరిచింది, ఏడ్చింది, ఒకరోజు అలిగి ఫాల్ కుట్టడం కూడా మానేసింది. బాపు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. రెండు రాళ్లు. అంత దగ్గరగా కూర్చుని, ఆయన లోపల ఏం నడుస్తోందో నాకు ఇంత కూడా తెలియడం లేదని, బహుశా ఎన్నడూ తెలియలేదని, మెల్లమెల్లగా అర్థమైంది.

నిన్న పొద్దున పుస్తకం తెచ్చుకోలేదు. గిన్నె ఆయన పక్కన పెట్టి, ఊరికే చేతులతో కూర్చున్నాను. అనాల్సిన మాట లోపల మూడు రకాలుగా కూర్చుకున్నాను. నాలుగోసారి వదిలేయకముందే అనేశాను.

"ఆమెకు చెప్పినయి నాకు గూడ చెప్పు బాపు."

బాపు పేపర్ దించాడు. "ఏం చెప్పిన?"

"చెరకు సంగతులు."

"నీకెర్క లేదా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంట్లనే ఉంటివి గద. అన్ని ఎర్కనే అనుకున్న."

"ఎవరు చెప్పిండ్రు నాకు?"

ఆయన పేపర్ మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్లి కాకముందు సంగతి. మొదటిసారి సొంత బండి కట్టుకుని బోధన్ ఫ్యాక్టరీకి చెరకు తోలుకుపోయాడట. గేటు నుంచి ఊరి చివరి దాకా బండ్ల లైను. పొద్దంతా నిలబడ్డాడు. లైను కదిలింది, ఈయన బండి ఒక పక్కకు తిరిగింది. చక్రం కాలువలోకి దిగి బండి ఒరిగింది. చెరకంతా రోడ్డు మీద పరుచుకుంది. వెనక బండ్లవాళ్లు తిట్లు.

అక్కడ బాపు ఆగాడు. నా వైపు చూశాడు.

"గిక్కడ ఆమె ఒకటి అడిగింది" అన్నాడు. "చెరకంత మల్ల ఎవలెత్తిండ్రు అని."

ఆగే ఉన్నాడు. నేను ఆ ప్రశ్న అడిగితే కథ ముందుకు పోతుంది. ఆమె నిలబడ్డ చోట నిలబడి, ఆమె అడిగిందే అడగాలి. అడగలేకపోయాను. ఎక్కడి నుంచి వచ్చిందో, నోటికి ఇంకొకటి వచ్చింది.

"ఎడ్ల పేర్లేంది బాపు?"

బాపు ముఖం మారింది. ఎవరో పేరు పెట్టి పిలిస్తే రోడ్డు మీద వెనక్కి తిరిగి చూసే మనిషి ముఖం. చాలా దూరం పోయి వచ్చినట్టు కళ్లు చికిలించాడు.

"ఎలపటిది సిన్నోడు" అన్నాడు, కుడి వైపు ఎద్దును చూపిస్తున్నట్టు. "దాపటిది సేటు."

"సేటెందుకు?"

"పని చెయ్యకపోయేది. కూసుండి తినేది." నోరు తెరిచాడు. పన్ను లేని చోటు కనిపించింది. "బండి ఒరిగిందె దానితోని. లైను కదలంగనె సిన్నోడు గుంజిండు, సేటు గాడ కూసున్నడు. చక్రం కాలువలకు వొయింది. గా సంగతి నేనెవలికి చెప్పలే. నేనే సరింగ తోలలే అన్న. పాపం దాన్ని అమ్ముతరని."

ఆ తర్వాత, తనలో తానే తేల్చుకున్నట్టు, "ఆమె గిది అడగలే" అన్నాడు.

గిన్నె ఒళ్లోకి తీసుకున్నాడు. సేటు మేత ఎట్లా దొంగిలించేదో, సిన్నోడిని ఎట్లా పక్కకు తోసేదో చెబుతూ, మధ్యమధ్య చెంచాతో చూపిస్తూ, నూకంతా తినేశాడు. చెంచా ఆగినచోటల్లా నేను ఇంకొకటి అడిగాను. ఎండ మోకాళ్లు దాటి ఒళ్లోకి వచ్చింది. ఇద్దరం లేవలేదు.

ఇక్కడ రాసేశాను గానీ, రక్తమక్క బతికి వచ్చి, తెల్ల చీరలో మా నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, చెల్లె చెల్లె అని ఎంత బతిమాలినా సరే, ఆ రెండు పేర్లు నేను ఆమెకు చెప్పను.